గురుకులం నుంచి రీసెర్చ్ ల్యాబ్‌కి దారి ఉందా అక్కా?

ప్రశ్న: అక్కా, నేను ట్రైబల్ వెల్ఫేర్ గురుకులం డిగ్రీ కాలేజీలో బీఎస్సీ బీజడ్‌సీ సెకండియర్. మాది భద్రాచలం వైపు ఏజెన్సీ, కోయవాళ్లం. టెన్త్ దాకా తెలుగు మీడియం. హాస్టల్లో సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు) టెస్ట్ అని అందరి రక్తం తీసుకున్నారు, నా ఫ్రెండ్‌కి క్యారియర్, అంటే జబ్బు లేదు కానీ దాని జీన్ ఒకటి ఒంట్లో ఉంది, అని కార్డు వచ్చింది. అప్పట్నుంచి ఆ జబ్బు గురించి చదువుతూ ఉంటే నేనూ ఇదే పని చెయ్యాలనిపిస్తోంది. మా మేడం బీఈడీ చెయ్యమంటారు. నాన్న ఇక పెళ్లి అంటున్నాడు. నెట్‌లో వెతికితే అమెరికాలో వెనకబడిన వర్గాల పిల్లలకి బయోమెడికల్ రీసెర్చ్ ట్రైనింగ్ ఇస్తారని కనిపించింది, మనకి అలాంటివి ఉన్నాయా? రిజర్వేషన్లో వెళ్తే ల్యాబ్‌లో చులకనగా చూస్తారా? ఇంగ్లీష్ అంతంతమాత్రం. పీహెచ్‌డీ అయ్యేదాకా డబ్బులెట్లా? ఇంకోటి, ల్యాప్‌టాప్ కొనాలా?

(ఊరు, కాలేజీ పేరు నేనే తీసేశాను.)

జవాబు:

చెల్లీ, నీ ఉత్తరంలో ఆరు ప్రశ్నలున్నాయి కానీ నువ్వు అడగని ఏడోది ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ముందు అది చెప్తా. వచ్చే ఎండాకాలం సెలవుల్లో నువ్వు ఎక్కడుంటావు? ఇంట్లో ఉంటే పెళ్లి మాటలు వినాలి, తునికాకు కోతకో కూలికో పోవాలి, అది నాకు తెలుసు. కానీ ఆ రెండు నెలలు ఏదో ఒక నిజమైన ల్యాబ్‌లో గడిపావంటే నువ్వు అడిగినవాటిలో సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. ఈ పని నీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది, ఒక సైంటిస్ట్ నీ పేరు మీద రికమెండేషన్ లెటర్ రాసే పరిస్థితి వస్తుంది, ఇంట్లో చూపించడానికి స్టైపెండ్ ఉంటుంది. సిటీలో ప్రొఫెసర్ల పిల్లలకి ఇవన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి, ఏ నెలలో ఏ నోటిఫికేషన్ వస్తుందో, ఎవరికి మెయిల్ రాయాలో, ఏం రాయాలో. మన పిల్లలకి ఫైనలియర్ పరీక్షలయ్యాక తెలుస్తుంది, అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి. తెలివి దగ్గర కాదు, ఇక్కడ వెనకబడుతున్నాం మనం.

ముందు ఆ అమెరికా సంగతి తేల్చేద్దాం. నువ్వు చూసినవి ఎన్ఐహెచ్, అంటే అక్కడి గవర్నమెంట్ వైద్య పరిశోధన సంస్థ, డబ్బులతో నడిచే ట్రైనింగ్ ప్రోగ్రాములు, మార్క్ లాంటివి, నల్లజాతి, హిస్పానిక్, నేటివ్ అమెరికన్ స్టూడెంట్స్‌ని బయోమెడికల్ రీసెర్చ్‌లోకి తేవడానికి పెట్టినవి. చాలా మంచి పని చేశాయి, కాదనను. మేరీల్యాండ్‌లో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, మోడర్నా కోవిడ్ వ్యాక్సిన్ పనిలో ముందున్న కిజ్మెకియా కార్బెట్ అందులోంచి వచ్చినావిడే. కానీ ఆ ఎన్ఐహెచ్ ట్రైనింగ్ సీట్లకి అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయ్యుండాలి, పైగా 2025లో వాటిలో చాలావాటిని అక్కడి గవర్నమెంట్ ఆపేసింది. కాబట్టి ఆ పేజీలు మూసెయ్. మనకి అచ్చం అలాంటి ప్రోగ్రాం, అంటే డిగ్రీలోనే పట్టుకుని పీహెచ్‌డీ దాకా చెయ్యి పట్టి నడిపించేది, లేదు. ఉన్నవి ముక్కలుముక్కలుగా ఉన్నాయి, సమ్మర్ ఫెలోషిప్ ఒకరిది, ఎంట్రెన్స్ ఇంకొకరిది, ఎస్టీ ఫెలోషిప్ మరో మంత్రిత్వ శాఖది, వాటిని నువ్వే కలిపి కుట్టుకోవాలి.

మొదటి ముక్క సమ్మర్. మూడు సైన్స్ అకాడమీలు, బెంగళూరు ఇండియన్ అకాడమీ, ఢిల్లీ ఇన్సా, ప్రయాగ్‌రాజ్ నాసి, కలిసి ప్రతి ఏడాదీ సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు దేశంలో ఎక్కడో ఒక ల్యాబ్‌లో పని, స్టైపెండ్ ఇస్తారు, రైలు ఖర్చులూ ఇస్తారు. సెకండియర్ బీఎస్సీ వాళ్లు అప్లై చెయ్యొచ్చు. మార్కుల కటాఫ్ ఉంటుంది, నోటిఫికేషన్లో చూసుకో. చిక్కు ఎక్కడంటే ఎండాకాలం ఫెలోషిప్‌కి అప్లికేషన్ ముందటేడాది చివరి నెలల్లోనే అడుగుతారు, మార్చిలో గుర్తొస్తే లాభం లేదు. నువ్వెందుకు చెయ్యాలనుకుంటున్నావో చిన్న రైటప్ రాయాలి, మీ టీచర్ ఒకరు లెటర్ పంపాలి. ఆ రైటప్‌లో "ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ సైన్స్" అని అందరూ రాసేదే రాయకు. నాకు రాసింది రాయి. మా హాస్టల్లో రక్తం తీసుకున్నారు, మా ఫ్రెండ్ క్యారియర్ అని తేలింది, క్యారియర్ అంటే ఏంటో ఆ అమ్మాయికి ఎవరూ విడమర్చి చెప్పలేదు, నేను చదివి చెప్పాను. చదివేవాళ్లు అక్కడ ఆగుతారు.

బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ వాళ్లకీ సమ్మర్ ఫెలోషిప్ ఉంది. వాళ్లదే పోబే అని ఇంకోటుంది, బయాలజీ వాళ్లకి, వరసగా మూడు ఎండాకాలాలు రప్పించి నేర్పిస్తారు, అది ఫస్టియర్లోనే పట్టుకోవాలి కాబట్టి నీకు దాటిపోయింది, కానీ మీ హాస్టల్లో జూనియర్లు ఉంటారు కదా, వాళ్లకి చెప్పు.

ఇవేవీ రాకపోతే, రాకపోవచ్చు కూడా, పోటీ గట్టిగానే ఉంటుంది, అప్పుడు నేరుగా మెయిల్. హైదరాబాద్‌లో హబ్సిగూడలో కణాలు, జీన్ల మీద పని చేసే సీసీఎంబీ ఉంది, తార్నాకలో ఎన్ఐఎన్ ఉంది, ఉప్పల్లో డీఎన్ఏ మీద పని చేసే సీడీఎఫ్‌డీ ఉంది, మూడూ ఒకే రోడ్డు వెంబడి ఉన్నట్టే, సిటీ బస్సులో తిరిగేయొచ్చు. ఎన్ఐఎన్ అయితే 1918లో తమిళనాడు కూనూర్లో చిన్న ల్యాబ్‌గా మొదలై 1958లో ఇక్కడికొచ్చింది, మనం తినే తిండి మీద రీసెర్చ్ చేసే చోటు. గచ్చిబౌలి వైపు హెచ్‌సీయూ, అంటే సెంట్రల్ యూనివర్సిటీ, ఉంది. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థ ఉంది. మా ల్యాబ్‌కి రోజూ స్టూడెంట్స్ మెయిల్స్ వస్తాయి, చూస్తూనే ఉంటా, ఎక్కువ శాతం "రెస్పెక్టెడ్ సర్" అని మేడంకి కూడా పెట్టి, ఒకే మెయిల్ యాభై మందికి సీసీలో కొట్టి పంపుతారు, అవి ఎవరూ చదవరు. నువ్వు ఆరేడుగురిని ఎంచుకో, ఒక్కొక్కరి ల్యాబ్ పేజీ చూడు, వాళ్లు ఈమధ్య రాసిన పేపర్ ఒకటి తీసుకుని కనీసం అబ్‌స్ట్రాక్ట్, అంటే మొదట్లో ఉండే సారాంశం, అర్థం చేసుకో, అందులో నీకు అర్థం కాని ఒక నిజమైన ప్రశ్న మెయిల్లో అడుగు. పది లైన్లు దాటొద్దు. నీ పేరు, కోర్సు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలవో, హాస్టల్ వసతి కావాలా అన్నది, మార్కుల మెమో పీడీఎఫ్. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్, మళ్లీ రాకపోతే వదిలెయ్. జవాబు ఇవ్వకపోవడం నీ మీద కోపంతో కాదు, చాలామంది అసలు ఎవరికీ ఇవ్వరు.

ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో "ప్రాజెక్ట్ వర్క్, ట్రైనింగ్, సర్టిఫికెట్" అని వేలకి వేలు తీసుకుని రెండు పీసీఆర్‌లు చూపించి, రిపోర్టు కూడా వాళ్లే టైప్ చేసి ఇచ్చే ప్రైవేట్ చోట్లు బోలెడున్నాయి. ఆ సర్టిఫికెట్‌ని ఇంటర్వ్యూలో ఎవరూ లెక్కచెయ్యరు, రెండు ప్రశ్నలు అడిగితే బయటపడిపోతుంది. కొన్ని గవర్నమెంట్ సంస్థలు కూడా ట్రైనింగ్‌కి ఫీజు పెడతాయి, ముందే అడుగు, మొహమాటపడకు. మీ నాన్న అప్పు చేసి కట్టాల్సిన ట్రైనింగ్ ఏదీ నీకు అక్కర్లేదు.

ఇక ఎమ్మెస్సీ. నిజం చెప్పాలంటే డబ్బు విషయంలో ఇరుకు ఈ రెండేళ్లే, పీహెచ్‌డీ కాదు. మన స్టేట్ యూనివర్సిటీలకి సీపీగెట్ ఎలాగూ రాస్తావు, దాంతో ఆగకు. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకి జామ్, బయోటెక్నాలజీకి గాట్-బి. ఈ గాట్-బి గురించి మన కాలేజీల్లో చాలామందికి తెలీదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) సాయంతో నడిచే ఎమ్మెస్సీ సీట్లు దీంతో నింపుతారు, ఆ సీట్లలో నెలకి 5,000 స్టైపెండ్ ఉంటుంది. హెచ్‌సీయూ బయోటెక్ కూడా దీంతోనే. పేపర్లో మొదటి భాగం ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ, 60 ప్రశ్నలు, అన్నీ రాయాలి, రెండోది డిగ్రీ స్థాయి, 100 ఇస్తే 60 రాస్తే చాలు. నువ్వు బైపీసీ నుంచి వచ్చావు కాబట్టి మ్యాథ్స్ చూడగానే భయమేస్తుంది. ఇప్పట్నుంచి రోజూ అరగంట, ప్రాబబిలిటీ, లాగరిథమ్స్, గ్రాఫులు చదవడం, ఇవి వస్తే చాలు, తర్వాత నెట్ పరీక్షలో కూడా పనికొస్తాయి. సీపీగెట్ కాక మిగతా వీటి నోటిఫికేషన్లు సెప్టెంబర్ నుంచి మార్చి మధ్యలో వరసగా పడుతుంటాయి, జామ్ అందరికన్నా ముందు. ఎస్టీ అమ్మాయిలకి అప్లికేషన్ ఫీజు కూడా తక్కువే. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఈపాస్‌లో రెన్యువల్ మర్చిపోకు.

ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాయొచ్చు, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి, లెక్చరర్ పోస్టుకి అర్హత ఇచ్చే జాతీయ పరీక్ష అది. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పెడతారు. మొత్తం 200 మార్కులు, అందులో 30 పార్ట్-ఎ, అంటే మామూలు లెక్కలు, లాజిక్, గ్రాఫులు. కోచింగ్ లేని పిల్లలు ఈ 30 వదిలేసి బయాలజీ బట్టీ పడుతుంటారు, నాకు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అంత తేలిగ్గా దొరికే మార్కులు ఇంకెక్కడా లేవు. పార్ట్-సి లో 75 ప్రశ్నలిస్తే 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, కాబట్టి సిలబస్ అంతా మింగక్కర్లేదు, ఐదారు యూనిట్లు లోతుగా చదువు. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్, అంటే సీనియర్, అయితే 42,000, హాస్టల్లో లేకపోతే హెచ్ఆర్ఏ అదనం. మొత్తం అయిదేళ్లు. జేఆర్ఎఫ్ వయసులో ఎస్టీలకి 5 ఏళ్ల సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ రాకుండా దాని కింద ఉండే అసిస్టెంట్ ప్రొఫెసర్ కేటగిరీ వచ్చినా డిగ్రీ కాలేజీలో ఆ పోస్టుకి అర్హత వస్తుంది, అంటే ఆ చదువు ఏ రకంగానూ వృథా పోదు, ఈ మాట మీ నాన్నకి చెప్పు, ఇదొక్కటి ఆయనకి అర్థమవుతుంది.

అది కాక ఎస్టీ విద్యార్థులకి గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఫెలోషిప్ ఉంది, దేశం మొత్తం మీద ఏడాదికి 750. పీహెచ్‌డీలో చేరాక అప్లై చేసుకునేది. చదివే మిగతా చెల్లెళ్లలో ఎస్సీలు ఉంటే, వాళ్లకి ఏడాదికి 2,000 ఉన్నాయి, కానీ సైన్స్ వాటా అందులో 500 మాత్రమే. ఈ డబ్బులు ఆలస్యంగా పడతాయి. నెలలు నెలలు ఆగి ఒకేసారి అరియర్స్ పడటం అందరికీ తెలిసిన కథే, మొదటి ఏడాదిలో కాగితాలు తిరగడానికే టైం పడుతుంది. కాబట్టి మొదటి నెల జీతం ఇంటికి పంపుతానని మాటివ్వకు. మొదటి ఏడాది నీ తిండికి, హాస్టల్‌కి సరిపడా ఏం చేస్తావో చూసుకో, ఆ తర్వాత ఇంటికి పంపడం మొదలుపెట్టొచ్చు, చాలామంది పంపుతున్నారు కూడా, తమ్ముడి ఫీజులు, అప్పులు, ఇంటి రేకులు అన్నీ ఫెలోషిప్‌తోనే.

కాగితాలు అన్నాను కదా. ప్రతిభ ఉండి అప్లికేషన్ పోయిన పిల్లల్లో ఎక్కువమందిది ఇదే. టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్లో ఇంకోలా, ఇంటిపేరు ముందో వెనకో, కుల ధ్రువపత్రంలో మూడో స్పెల్లింగ్. ఈ సెలవుల్లోనే మీసేవకి పోయి అన్నీ టెన్త్ మెమో ప్రకారం మార్పించుకో. కుల సర్టిఫికెట్ స్టేట్ ఫార్మాట్‌తో పాటు సెంట్రల్ ఫార్మాట్ కూడా తీసుకో, సెంట్రల్ సంస్థల్లో అదే అడుగుతారు, చివరి రోజు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగలేవు. బ్యాంక్ అకౌంట్‌కి ఆధార్ లింకు ఉందో లేదో కూడా చూడు, లేకపోతే స్కాలర్‌షిప్ శాంక్షన్ అయినా పడదు.

చులకన సంగతి. చూస్తారు, అందరూ కాదు, కానీ చూస్తారు. నేరుగా తిట్టరు, నీ ర్యాంకు ఎంత అని మాటల మధ్యలో అడుగుతారు, ఇంటిపేరేంటని అడుగుతారు, నీ ఎక్స్‌పెరిమెంట్ ఫెయిలైతే ఒక చూపు చూస్తారు, అదే ఎక్స్‌పెరిమెంట్ వాళ్లకి నాలుగుసార్లు ఫెయిలై ఉంటుంది. ర్యాంకు చెప్పాల్సిన పని నీకు లేదు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్లు ఎన్ని అని చూడ్డం కన్నా ఆ ల్యాబ్‌లోంచి మన పిల్లలు ఎవరైనా పీహెచ్‌డీ పూర్తి చేసి బయటికొచ్చారా, ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో వదిలేసినవాళ్లు ఎవరు అన్నది అడుగు, ల్యాబ్‌లో ఉన్నవాళ్లని కాదు, వదిలి వెళ్లినవాళ్లని అడుగు, వాళ్లే నిజం చెప్తారు. సెంట్రల్ సంస్థల్లో ఎస్సీ ఎస్టీ లైజన్ ఆఫీసర్ అని, మన ఫిర్యాదులు చూసేవాళ్లు ఒకరుంటారు, చేరిన వారంలోనే ఆ పేరూ నంబరూ తెలుసుకుని ఉంచుకో. ఏదైనా మాట అంటే తేదీతో సహా రాసిపెట్టుకో. అవసరం రాకపోతే సంతోషం.

ఇంకో మాట చెప్పాలి, ఇది నా అభిప్రాయం, ఎవరికైనా కోపమొస్తే రానీ. సికిల్ సెల్ మన దేశంలో మొదట గుర్తించింది 1952లో, నీలగిరి గిరిజనుల్లో. అప్పట్నుంచి ఇప్పటిదాకా రక్తం ఇచ్చింది ఎక్కువగా ఆదివాసులు, పేపర్లు రాసింది ఎక్కువగా వేరేవాళ్లు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి టెస్టు చెయ్యాలని పెట్టుకుంది, 2047కల్లా జబ్బు పోవాలని లక్ష్యం. టెస్టు సరే, ఆ కార్డు చేతికిచ్చాక ఊళ్లో ఏం జరుగుతుంది, పెళ్లి సంబంధాలు ఎలా మారతాయి, కోయ మాటలో దాన్ని ఎలా చెప్పాలి, భయపెట్టకుండా ఎలా చెప్పాలి, ఇవి ల్యాబ్‌లో పుట్టి పెరిగినవాళ్లకి తట్టే ప్రశ్నలు కావు. నువ్వు వస్తే ఆ ప్రశ్నలు వస్తాయి. నీ కోసం ఏదో దయ తలచి సీటు ఇస్తున్నట్టు ఎవరైనా మాట్లాడితే ఇది గుర్తుంచుకో, అవసరం రెండువైపులా ఉంది.

ఇంగ్లీష్. మాట్లాడటం కన్నా చదవడం ముందు. రోజూ ఒక అబ్‌స్ట్రాక్ట్, తెలియని మాటలు నోట్‌బుక్‌లో, తర్వాత అదే విషయం నీ సొంత ఇంగ్లీష్‌లో అయిదు వాక్యాలు, తప్పులున్నా పర్లేదు. ఐఐటీలవాళ్లు ఆన్‌లైన్లో పెట్టే ఎన్‌పీటీఎల్ క్లాసులు ఫ్రీ, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడు. ఇంటర్వ్యూలో గ్రామర్ కి మార్కులుండవు. బోర్డు మీద బీటా గ్లోబిన్ జీన్ గీసి, ఒక్క అక్షరం మారితే ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆసిడ్ బదులు వాలీన్ ఎలా వస్తుందో, దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు రక్తకణం కొడవలిలా ఎందుకు వంగుతుందో, క్యారియర్‌కి ఎందుకు అంత బాధ ఉండదో ముక్కలు ముక్కల ఇంగ్లీష్‌లో చెప్పినా చాలు. తెలీనిది అడిగితే తెలీదను. ఊహించి చెప్పమంటే "గెస్" అని చెప్పి చెప్పు.

బీఈడీ గురించి మీ మేడం తప్పేం చెప్పలేదు. గురుకులం టీచర్ ఉద్యోగం మంచి ఉద్యోగం, దానికి పోటీ కూడా ఎంతుందో నీకే తెలుసు. నేననేది బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చెయ్యొచ్చు, సెకండియర్ ఎండాకాలం మాత్రం మళ్లీ రాదు. రీసెర్చ్ అంటే పీహెచ్‌డీ అయ్యాక రేపే పర్మనెంట్ ఉద్యోగం అని కూడా అనుకోకు, ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ, అందరికీ దొరకవు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ కంపెనీలు, టెస్టింగ్ ల్యాబులు, హాస్పిటళ్లలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్లు, గవర్నమెంట్ ప్రాజెక్టుల్లో ఉద్యోగాలు, ఇవన్నీ ఎమ్మెస్సీతోనే దొరుకుతాయి, అయిదేళ్లు ఓపిక లేదనిపిస్తే అటు పోవడం ఓటమేం కాదు.

నాన్నతో పెళ్లి విషయం "చేసుకోను" అని మొదలుపెట్టకు, ఎమ్మెస్సీ అయ్యేదాకా మూడేళ్లు అడుగు, గడువు చెప్పి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వీలైతే మీ మేడంతోనే చెప్పించు, బీఈడీ సలహా ఇచ్చిన మనిషే ల్యాబ్‌కి పంపండి అని చెప్తే ఆయన వింటారు. సమ్మర్ సెలెక్షన్ లెటర్ వచ్చిందనుకో, సంస్థ ముద్ర ఉన్న ఆ కాగితం ప్రింట్ తీసి ఇంట్లో పెట్టు, హాస్టల్ వార్డెన్ నంబర్ ఇవ్వు, అమ్మాయి ఎక్కడ పడుకుంటుంది అన్నదే వాళ్ల అసలు భయం.

ల్యాప్‌టాప్ ఇప్పుడు వద్దు. నీ ఫోన్ చాలు, మెయిల్‌కి, పీడీఎఫ్‌కి, క్లాసులకి. అప్లికేషన్ ఫారాలు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో నింపు, పాస్‌వర్డ్‌లు నోట్‌బుక్‌లో రాసుకో, సేవ్ చేసి బయటికి వచ్చేటప్పుడు లాగౌట్ అవ్వు. ఈఎంఐ మీద అసలే వద్దు, ఎమ్మెస్సీలో చేరాక స్కాలర్‌షిప్ పడినప్పుడు సెకండ్‌హ్యాండ్ ఒకటి చూద్దాం. రైటప్ మొదటి డ్రాఫ్ట్ తెలుగులోనే రాసి నాకు పంపు, ఇంగ్లీష్ సంగతి తర్వాత చూసుకుందాం.